తెలుగు ప్రాంతాల్లో బడుల సంఖ్య, బడుల రకాలు: రెండు వందల ఏళ్లలో వచ్చిన మార్పు

మీ తాతగారి కాలంలో ఊరంతటికీ ఒకే బడి ఉండేదనీ, మీరు చదువుకునే నాటికి సర్కారు బడి, కాన్వెంటు, గురుకులం అంటూ మూడు నాలుగు రకాలు వచ్చాయనీ, ఇప్పుడేమో తెలంగాణలోని మీ ఊరి ప్రాథమిక పాఠశాలకు పిల్లలు లేక తాళం పడిందనీ మీరు రాశారు. మొత్తం మీద మన తెలుగు ప్రాంతాల్లో బడులు పెరిగినట్టా తగ్గినట్టా, ఇన్ని రకాల బడులు ఎందుకు పుట్టుకొచ్చాయి, మూతపడిన బడి మళ్లీ తెరుచుకుంటుందా అన్నవి మీ ప్రశ్నలు.

నేను ప్రధానోపాధ్యాయుడిగానూ, ఆ తర్వాత మండల విద్యాధికారిగానూ పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. బడుల లెక్కలు పైకి పంపే పత్రాలు ఏటా నా చేతుల మీదుగా వెళ్లేవి కాబట్టి, ఆ లెక్కల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో నాకు కొంత తెలుసు. క్లుప్తంగా నా సమాధానం ఇది: స్వాతంత్ర్యం తర్వాత ఆరు దశాబ్దాల పాటు బడుల సంఖ్య పెరుగుతూ వచ్చింది, గత పది పన్నెండేళ్లుగా ప్రభుత్వ బడుల సంఖ్య నిలిచిపోయి తగ్గుముఖం పట్టింది. ఇక రకాల సంగతికొస్తే, మన దగ్గర ప్రతి తరమూ కొత్త అవసరం వచ్చినప్పుడల్లా ఉన్న బడిని సరిదిద్దకుండా దాని పక్కన మరో రకం బడిని నిలబెట్టింది. ఈ రెండో విషయాన్ని పట్టుకోకపోతే మొదటిది అర్థం కాదు.

కోస్తా, రాయలసీమ జిల్లాల వరకు బడుల లెక్క వివరంగా తీయడం 1822లో మొదలైంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆ ఏడాది జూన్ 25న తన కలెక్టర్లందరినీ తమ తమ జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, వాటిలో ఏయే కులాల పిల్లలు ఎందరు చదువుతున్నారో పట్టికలు పంపమన్నాడు. ఆ పట్టికలన్నీ అందాక 1826 మార్చి 10న ఆయన రాసిన నివేదికలో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. అప్పటి జనాభా 1,28,50,941. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి, బడికి సగటున పదిహేను మంది పిల్లలు. ఆ విద్యార్థుల్లో బాలికలు 4,540 మంది మాత్రమే.

ఈ లెక్క వెనుక ఉన్న బడి ఎలాంటిదో చూడాలంటే బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక చదవాలి. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. ఆయన లెక్కలో జిల్లాలోని బడులు 533. వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు, 23 మరాఠీ, 21 పారశీకం, 4 తమిళం, ఒకే ఒక్క ఇంగ్లీషు బడి, ఇవి కాక కేవలం బ్రాహ్మణులు చదివే సంస్కృత పాఠశాలలు 23. మొత్తం పిల్లలు 6,641 మంది, అంటే బడికి పన్నెండు పదమూడు మంది. హిందూ బాలికలు జిల్లా మొత్తానికి అరవై మంది. పిల్లవాడు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడని, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠం చెప్పేవారని, తల్లిదండ్రులు నెలనెలా ఇచ్చే కొద్దిపాటి జీతంతోనే అయ్యవారు బతికేవారని ఆయన రాశాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన బట్ట వల్ల నేతపని దెబ్బతిని, జనం చేతిలో డబ్బు ఆడక, పిల్లల్ని బడికి పంపే శక్తి తగ్గుతోందని కూడా దాపరికం లేకుండా రాశాడు.

ఆ బడికి సొంత భవనం ఉండేది కాదు. ఎవరో ఒకరి ఇంటి అరుగు మీదనో, గుడి మండపంలోనో సాగేది. అయ్యవారు ఊరు విడిచి వెళ్తే బడి కూడా ఆయనతోనే పోయేది. కాబట్టి ఆనాటి బడుల సంఖ్య అంటే చాలావరకు ఉపాధ్యాయుల సంఖ్య. నేటి పట్టికలో బడి అంటే ప్రభుత్వం నంబరు ఇచ్చిన ఒక సంస్థ, దానికి టీచరు ఉన్నా లేకపోయినా, పిల్లలున్నా లేకపోయినా అది లెక్కలో ఉంటుంది. పాత కాలంలో ఇన్ని బడులుండేవి, ఇప్పుడిన్నే ఉన్నాయి అని ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి జరిగే వాదనలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పైగా ఆ వీధి బడుల్లో దళితుల పిల్లలకు దాదాపు చోటు లేదన్న సంగతిని కూడా ఆ వాదనల్లో చాలామంది దాటేస్తారు.

కొత్త రకం బడిని పక్కన పెట్టే పద్ధతి మన్రోతోనే మొదలైంది. ప్రతి కలెక్టరేటుకు హిందువులకొకటి, ముస్లిములకొకటి చొప్పున పెద్ద బడులు, ప్రతి తహసీలుకు ఒక బడి పెట్టాలని, తహసీలు బడి ఉపాధ్యాయుడికి నెలకు తొమ్మిది రూపాయలు ఇవ్వాలని ఆయన ప్రతిపాదించాడు. వేల సంఖ్యలో ఉన్న వీధి బడులకు మాత్రం ప్రత్యేకించి ఆసరా ఏదీ దక్కలేదు. 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో మన్రో చనిపోయాడు, ఆయన తలపెట్టిన తహసీలు బడులు కొన్ని మాత్రమే ఏర్పడి, తర్వాతి దశాబ్దంలో మూతపడ్డాయి. 1850ల మధ్యలో గోదావరి జిల్లాలో సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ చొరవతో రైతులు శిస్తుకు అదనంగా కొంత చెల్లించి ఊరి బడులు నడుపుకున్నారు. ఊరు తన ఖర్చుతో తన బడిని నడుపుకోవడానికి అది మంచి నమూనా, 1863లో దానికోసం చట్టం కూడా వచ్చింది. అయితే ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు.

1854 నాటి విద్యా విధాన పత్రం తర్వాత గ్రాంటు పద్ధతి వచ్చింది. ప్రైవేటు వ్యక్తి, మిషను, సంఘం ఎవరు బడి పెట్టినా నియమాలు పాటిస్తే ప్రభుత్వం కొంత సొమ్ము ఇచ్చేది. వీధి బడులు ఈ గ్రాంటు కోసం హాజరుపట్టీ, తరగతులు, పరీక్షలు, ఇన్‌స్పెక్టరు తనిఖీ అనే చట్రంలోకి వచ్చి ఎయిడెడ్ ఎలిమెంటరీ స్కూళ్లుగా మారాయి, రాలేనివి కనుమరుగయ్యాయి. 1871లో లోకల్ ఫండ్ చట్టం, 1884లో స్థానిక బోర్డుల చట్టం రావడంతో తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు బడులు నడపడం మొదలుపెట్టాయి. పాతతరం వారు నేటికీ బోర్డు హైస్కూలు అనేది ఆ బడినే. మద్రాసు ఎలిమెంటరీ విద్యా చట్టం 1920లో వచ్చింది.

ఇదే కాలంలో బడులు మనుషులను బట్టి కూడా విడిపోయాయి. ఊరి బడిలోకి ఆడపిల్లలు రాలేదు కాబట్టి వారికి వేరే బడి కావలసివచ్చింది, కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో పెట్టిన బాలికల పాఠశాల అలాంటిదే. ఊరి బడిలోకి మాల మాదిగ పిల్లలను రానివ్వలేదు కాబట్టి గుంటూరు, నెల్లూరు, ఒంగోలు, కడప ప్రాంతాల్లో మిషన్లు పేటల్లో బడులు పెట్టాయి, ఆ తర్వాత దళితుల బాగోగులు చూసే మద్రాసు ప్రభుత్వపు లేబర్ శాఖ లేబర్ స్కూళ్లు పెట్టింది. అవే తర్వాత హరిజన సంక్షేమ పాఠశాలలయ్యాయి. కోస్తాలో చాలా ఊళ్లలో ఒక ప్రాథమిక పాఠశాలకు మెయిన్ అనీ, ఫర్లాంగు దూరంలో ఉన్న మరో దానికి ఎస్సీ కాలనీ అనీ పేర్లు ఉండడానికి కారణం ఇదే. ఒక చిన్న ఊరికి రెండు మూడు ప్రాథమిక బడులు ఎందుకు, వృథా కదా అని అడిగేవారు ఈ చరిత్ర తెలుసుకోవాలి. ఊరి బడి తలుపు అందరికీ తెరిచి ఉంటే అందులో సగం బడుల అవసరమే ఉండేది కాదు.

తెలంగాణ సంగతి వేరు. నిజాం రాజ్యంలో సర్కారీ చదువు ఉర్దూలో సాగేది, 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. తెలుగు పిల్లవాడికి తెలుగు నేర్పేవి ఎక్కువగా ఖాన్గీ బడులు, అంటే ప్రైవేటు వ్యక్తులు నడిపే ఊరి బడులు. వీటికి ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలన్న నియమం రావడంతో అవి కుదించుకుపోయాయి. ఆంధ్ర మహాసభల్లో తెలుగు మాధ్యమం, ఖాన్గీ బడుల స్వేచ్ఛ పదే పదే చర్చకు రావడానికి కారణం అదే. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాలను నిలబెట్టడం ఆ పరిస్థితుల్లో ఎంత సాహసమో ఇప్పటివారికి చెబితే తప్ప తెలియదు. 1956లో రెండు ప్రాంతాలూ కలిసే నాటికి ఒకవైపు బోర్డు బడులు, ఎయిడెడ్ బడులు దండిగా ఉన్న కోస్తా, మరోవైపు చాలా ఊళ్లలో బడే లేని తెలంగాణ. ఆ తేడా తర్వాతి లెక్కలన్నిటి మీదా ప్రభావం చూపింది.

1959లో పంచాయతీ రాజ్ వచ్చాక ప్రాథమిక బడులు పంచాయతీ సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వెళ్లాయి. 1980ల మధ్యలో సమితులు పోయి మండలాలు రావడంతో సమితి బడి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అయింది. ఈ దశలో పెరుగుదల నిజమైన పెరుగుదల. దేశవ్యాప్తంగా చూస్తే 1950-51లో ప్రాథమిక బడులు సుమారు 2.10 లక్షలు, ప్రాథమికోన్నత బడులు 13,600 దాకా, ఉన్నత పాఠశాలలు 7,400 దాకా ఉండేవి. 2000-01 నాటికి అవి వరుసగా 6.39 లక్షలు, 2.06 లక్షలు, 1.26 లక్షలు అయ్యాయి. ఇక్కడ గమనించవలసింది మొత్తం సంఖ్య కన్నా నిష్పత్తిని. మొదట్లో పదిహేను ప్రాథమిక బడులకు ఒక ప్రాథమికోన్నత బడి ఉండేది, యాభై ఏళ్ల తర్వాత మూడింటికి ఒకటి ఉంది. ఐదో తరగతి అయ్యాక ఆడపిల్ల చదువు ఆపేయడానికి ఒకప్పుడు పై తరగతులు అందుబాటులో లేకపోవడమే పెద్ద కారణం కాబట్టి, పెరిగిన ప్రాథమిక బడుల కన్నా ఈ నిష్పత్తి మారడమే పెద్ద విజయమని నేననుకుంటాను.

1990లలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని వేగం అందుకుంది. 1996 నుంచి జిల్లా ప్రాథమిక విద్యా పథకం, 2001 నుంచి సర్వశిక్షా అభియాన్ కింద తండాలకు, గూడేలకు, కొత్త కాలనీలకు బడులు వచ్చాయి. గిరిజన ప్రాంతాల్లో మాబడి పేరుతో ఊరివారే నడుపుకునే ఒక టీచరు బడులు వచ్చాయి, విద్యా వాలంటీర్లు వచ్చారు. రాష్ట్ర అక్షరాస్యత 1991లో 44.09 శాతం ఉండగా 2001లో 60.47 శాతానికి చేరింది. ఒక్క దశాబ్దంలో అంత పెరుగుదల అంతకుముందు లేదు. ఆ బడుల్లో చాలావాటికి పక్కా గది లేదు, నిజమే. అయినా ఏడేళ్ల పిల్ల వాగు దాటి పోనక్కరలేకుండా తన తండాలోనే పలక పట్టుకుందంటే అది ఆ బడుల పుణ్యమే. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చి ఒక కిలోమీటరు లోపు ప్రాథమిక బడి, మూడు కిలోమీటర్ల లోపు ప్రాథమికోన్నత బడి ఉండాలన్నది నియమమైంది.

అయితే పల్లె బడిని అందరికీ దగ్గర చేసిన ఆ దశాబ్దంలోనే, ఆ బడి నుంచి చేతిలో నాలుగు డబ్బులున్నవారి పిల్లలు వెళ్లిపోవడం కూడా మొదలైంది. ఎయిడెడ్ బడులకు కొత్త గ్రాంట్లు ఆగిపోవడంతో కొత్తగా పెట్టే ప్రైవేటు బడి ఫీజు మీదే బతకవలసివచ్చింది, ఫీజు ఇచ్చేవారికి కావలసింది ఇంగ్లీషు మీడియం. మొదట పట్టణాల్లో, తర్వాత మండల కేంద్రాల్లో, చివరికి మూడు వేల జనాభా ఉన్న ఊళ్లలో కూడా కాన్వెంట్లు వెలిశాయి. పసుపుపచ్చ బస్సు రావడంతో దూరం సమస్య తీరిపోయింది. ఆ తర్వాత టెక్నో, ఒలింపియాడ్ వంటి పేర్లతో ఇంటర్మీడియట్ కోచింగును ఆరో తరగతికి దింపిన కార్పొరేటు బడులు వచ్చాయి. ప్రభుత్వం దీనికి జవాబుగా 2008లో 6,500 ఉన్నత పాఠశాలల్లో సక్సెస్ స్కూళ్లు అని ఇంగ్లీషు మీడియం ప్రారంభించింది. అప్పటికే ఒకటో తరగతిలో ఇంగ్లీషు కోసం వెళ్లిపోయిన పిల్లవాడు ఆరో తరగతికి తిరిగి రావడం అరుదు. నా ఉద్దేశంలో ఆ నిర్ణయం పదిహేనేళ్లు ఆలస్యంగా, తప్పు తరగతి దగ్గర మొదలైంది.

గురుకులాల కథ మరొకటి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది, మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పల్లెల్లోని తెలివైన పేద పిల్లలను పరీక్ష పెట్టి ఎంపిక చేసి ఒకచోట ఉంచి చదివించాలన్నది ఉద్దేశం. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు, గిరిజన గురుకులాలు, కేంద్రం నుంచి నవోదయలు, 2004 తర్వాత కస్తూర్బా బాలికా విద్యాలయాలు, 2013లో మోడల్ స్కూళ్లు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక అక్కడ గురుకులాలు ఒక్కసారిగా విస్తరించాయి, 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలే 204 దాకా ఉన్నాయి. ఈ బడులు వేలమంది దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల పిల్లల జీవితాలను మార్చాయి, అందులో సందేహం లేదు. అయితే మండల విద్యాధికారి కుర్చీలో కూర్చున్నవారికి దీని రెండో వైపు కూడా కనబడుతుంది. ఐదో తరగతిలో బాగా చదివే నలుగురు పిల్లలు గురుకులానికి, స్తోమత ఉన్నవారి పిల్లలు కాన్వెంటుకు వెళ్తే, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మిగిలేవారి తరఫున గట్టిగా అడిగే తల్లిదండ్రులే ఉండరు. ఈమధ్య తెలంగాణ ప్రభుత్వం వేర్వేరు వర్గాల గురుకులాలను ఒకే ప్రాంగణంలోకి తెచ్చే యంగ్ ఇండియా సమీకృత పాఠశాలలు తలపెట్టింది. విడగొట్టిన రకాలను మళ్లీ కలపాలన్న ఆలోచన మన చరిత్రలో అరుదు కాబట్టి దాన్ని జాగ్రత్తగా గమనించవలసి ఉంది.

ఇప్పుడు ప్రస్తుత లెక్కలకు వద్దాం. నేటి లెక్కలన్నీ యూడైస్ అనే దేశవ్యాప్త పట్టిక నుంచి వస్తాయి. ప్రతి బడికి పదకొండు అంకెల కోడు ఉంటుంది, మొదటి రెండంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌ది 28, తెలంగాణది 36. కోడు ఉంటే బడి ఉన్నట్టు, కోడు పోతే బడి పోయినట్టు. మా మండలంలో ఒకే ప్రహరీ లోపల, ఒకే గేటుతో, ఒకే బోరుబావి నీళ్లతో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పక్కపక్క వరండాల్లో నడిచేవి. రెండింటికీ ఇద్దరు హెడ్మాస్టర్లు, రెండు హాజరు రిజిస్టర్లు, రెండు కోడ్లు. అలాంటి రెండింటిని కాగితం మీద కలిపేస్తే రాష్ట్రంలో ఒక బడి తగ్గుతుంది, ఒక్క పిల్లవాడు కూడా వరండా దాటడు. తండాలో ఉన్న పదిహేను మంది పిల్లల బడిని రెండు కిలోమీటర్ల అవతలి బడిలో కలిపినా తగ్గేది ఒక బడే. పత్రికల్లో ఇన్ని వందల బడులు తగ్గాయని చదివినప్పుడు, అందులో మొదటి రకం ఎన్ని, రెండో రకం ఎన్ని అని అడగకుండా కోపం తెచ్చుకున్నా, సమర్థించినా ఉపయోగం లేదు.

దీనికి విరుద్ధంగా సంఖ్య తగ్గకుండానే బడి తగ్గిపోవడం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు బడులను ఆరు రకాలుగా విభజించింది. అంగన్‌వాడీతో కూడిన శాటిలైట్ ఫౌండేషన్, ఒకటి రెండు తరగతుల ఫౌండేషన్, ఐదు దాకా ఉండే ఫౌండేషన్ ప్లస్, మూడు నుంచి మొదలయ్యే ప్రీ హైస్కూలు, హైస్కూలు, ఇంటర్ దాకా ఉండే హైస్కూలు ప్లస్. జాతీయ విద్యా విధానం చెప్పిన దశలకు ఇది తగినదనీ, మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు చెబుతారనీ వివరించారు. ఆలోచనలో న్యాయం ఉంది. అమలులో, కిలోమీటరు లోపు హైస్కూలు ఉన్నచోట మూడు నాలుగు ఐదు తరగతులు అక్కడికి పోయి, పాత బడిలో ఒకటి రెండు తరగతుల పిల్లలు, ఒక టీచరు మిగిలారు. ఏ బడీ మూయలేదన్న మాట అక్షరాలా నిజమే, కోడు అలాగే ఉంది. అన్నను రోడ్డు అవతలి హైస్కూలుకు, చెల్లెలిని ఈ బడికి పంపలేని తల్లి మాత్రం ఇద్దరినీ ఒకే బస్సు ఎక్కించి కాన్వెంటుకు పంపింది. 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేసి తొమ్మిది రకాలతో కొత్త విభజన తెచ్చారు. అందులో తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రాథమిక పాఠశాలలు తొమ్మిది వేలకు పైగా ఉన్నాయి. తరగతికొక టీచరు అన్నది నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఉపాధ్యాయ సంఘాలు అడుగుతున్నదే, కాబట్టి ఈ ఒక్క అంశాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. ఆ తొమ్మిది వేలలో లేని బడుల పిల్లలకు ఏమి దొరుకుతుందన్నది తర్వాతి ప్రశ్న.

ఆ ప్రశ్న ఎంత పెద్దదో 2024-25 యూడైస్ అంకెలు చెబుతాయి. దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉండగా, వాటిలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ, 12,912, ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. ఒక్క పిల్లవాడూ లేని బడులు దేశంలో 7,993 ఉండగా, 2,245 బడులతో తెలంగాణది పశ్చిమ బెంగాల్ తర్వాత రెండో స్థానం. ఆంధ్రలో ఒక్క టీచరు మిగలడానికి తరగతుల తరలింపు ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. తెలంగాణలో గురుకులాల విస్తరణ, కాన్వెంట్లు కలిసి చిన్న బడిని ఖాళీ చేశాయి. రెండు చోట్లా ఉమ్మడి కారణం జననాలు తగ్గడం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒకటో తరగతిలో చేరవలసిన పిల్లలే తక్కువ పుడుతున్నప్పుడు, ఏ ప్రభుత్వం ఉన్నా కొన్ని బడులు చిన్నవవుతాయి.

ఏకోపాధ్యాయ పాఠశాల అంటే లోపల ఏమి జరుగుతుందో చూడనివారి కోసం రెండు మాటలు. ఐదు తరగతుల పిల్లలు ఒకే గదిలో రెండు వరసలుగా కూర్చుంటారు. నల్లబల్లను నిలువు గీతతో చీల్చి, ఒకవైపు ఒకటి రెండు తరగతులకు వత్తులు, మరోవైపు నాలుగు ఐదు తరగతులకు భాగహారం రాసి, మూడో తరగతికి చూచిరాత ఇస్తారు. మధ్యలో మధ్యాహ్న భోజనం లెక్క, యాప్‌లో హాజరు, మరుగుదొడ్డి ఫొటో, మండల కార్యాలయం నుంచి ఫోను. టీచరుకు జ్వరం వస్తే ఆ రోజు పక్క ఊరి నుంచి ఎవరినైనా పంపాలి, పంపడానికి ఎవరూ లేకపోతే బడి లేనట్టే. 1823 నాటి పన్నెండు మంది పిల్లల బడికి, నేటి పన్నెండు మంది పిల్లల బడికి పైకి పోలిక కనిపించినా, ఆ అయ్యవారికి చదువు చెప్పడం తప్ప వేరే పని లేదు, పెద్ద పిల్లల సాయం ఉండేది, పిల్లవాడు వచ్చిన నాటి నుంచి తన వేగంతో నేర్చుకునేవాడు. నేటి టీచరు ఐదు తరగతుల సిలబస్‌ను ఏడాదిలో ఐదింటికీ పూర్తి చేయాలి. చిన్న బడి ఉండకూడదని నేననను, అడవిలో, కొండ మీద, వాగు అవతల అది ఉండి తీరాలి. చిన్న బడికి తగిన పాఠ్యప్రణాళిక, కనీసం ఇద్దరు టీచర్లు ఇవ్వకుండా, దాన్ని పెద్ద బడి కొలతలతో కొలిచి విఫలమైందని తేల్చడం అన్యాయమంటాను.

కాబట్టి పెరిగినట్టా తగ్గినట్టా అన్న మీ ప్రశ్నకు నా జవాబు: బడికి చేరే దారి పెరిగింది, ఒక ఊరి పిల్లలందరూ కలిసి చదివే చోటు తగ్గింది. తెలంగాణలో ప్రైవేటు బడులు సంఖ్యలో మొత్తం బడుల్లో మూడో వంతు కూడా లేవు, సుమారు సగం మంది పిల్లలు మాత్రం వాటిలోనే ఉన్నారు. ఒక సగటు ప్రైవేటు బడి పెద్దది, ఒక సగటు ప్రభుత్వ బడి చిన్నది అని దీని అర్థం. అందుకే బడుల సంఖ్యను మాత్రమే చూసేవారికి ప్రభుత్వ రంగం చాలా పెద్దదిగా, పిల్లల సంఖ్య చూసేవారికి కుంచించుకుపోతున్నట్టుగా కనిపిస్తుంది.

చివరగా మీ ఊరి బడి గురించి. పిల్లలు లేక తాళం పడిన బడి వెంటనే రద్దు కాదు. టీచరును సర్దుబాటు కింద మరో బడికి పంపుతారు, కోడు పట్టికలో సున్నా పిల్లలతో కొనసాగుతుంది. ముందుగా మండల విద్యాధికారి కార్యాలయంలో మీ బడి కోడు ఇంకా ఉందో లేదో, ఉంటే అక్కడి టీచరు పోస్టు ఏ బడికి సర్దుబాటు అయిందో రాతపూర్వకంగా అడగండి. ఊళ్లో ఐదేళ్లు నిండిన, నిండబోతున్న పిల్లల పేర్లు, వారి తల్లిదండ్రుల సంతకాలతో దరఖాస్తు తయారుచేసి, కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే జూన్‌లో, పిల్లలను సర్కారు బడుల్లో చేర్పించే బడిబాట కార్యక్రమం సమయంలో ఇవ్వడం మంచిది. ఆ దరఖాస్తులో ఒక టీచరును కాకుండా ఇద్దరిని అడగండి. పాత ప్రవేశ రిజిస్టరు, టీసీ పుస్తకాలు దగ్గరలోని ఉన్నత పాఠశాలకో, కాంప్లెక్సు (చుట్టుపక్కల బడుల సముదాయం) హెడ్మాస్టరు దగ్గరికో చేరి ఉంటాయి. మీ తాతగారి పేరున్న పుట అందులో ఉంటే దాని నకలు తీసుకోవచ్చు, బడి ఏ ఏడాది మొదలైందో చూపడానికి అది దరఖాస్తుకు జతచేయదగిన ఆధారం.